విరగాల్సిన చోట విరిగే తారు



మాది నెల్లూరు జిల్లా ఏఎస్ పేట పక్క పల్లె. దర్గా గంధమహోత్సవం ముందు రోడ్డేస్తుంటే పిల్లలమంతా తారు డ్రమ్ముల దగ్గర మూగేవాళ్లం. ఆ పొగలో నిలబడ్డ కూలీల ఎర్రబడ్డ కళ్లు నాకింకా గుర్తే. తారు రోడ్డంటే 150 డిగ్రీలు దాటేదాకా కాచాల్సిందే అనుకునేవాణ్ణి. కాచకుండా పోసే తారూ ఉందని చదువులో తెలిసింది. తారును మైక్రాన్ల సైజు బొట్లుగా చితక్కొట్టి నీళ్లలో నిలబెడతారు. అదే ఎమల్షన్.

మన పాలూ అంతే. వెన్నబొట్ల చుట్టూ మాంసకృత్తులున్న పొర ఉండబట్టే అవి నీళ్లలో నిలుస్తాయి. నిమ్మచెక్క పిండితే పాలు విరుగుతాయి. ఎమల్షన్ కూడా రోడ్డు మీద విరగాలి. ట్యాంకరులో విరిగితే నష్టం, రోడ్డు మీద విరక్కపోతే ఇంకా నష్టం. గోధుమరంగు నల్లబడితే విరిగినట్టు. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఆ రంగు మారేదాకా ఆగే ఓపిక లేక పైపొర వేయించాను. మలుపు దగ్గర పొర జారిపోయింది. తప్పు తారుది కాదు, నాది.

తారు బొట్లను నీళ్లలో నిలబెట్టడానికి ఎమల్షన్‌లో ఒక పదార్థం కలుపుతారు, నూటికి ఒక వంతు అటూ ఇటూ. ఇప్పుడు వాడేవి ఎక్కువగా ఫ్యాక్టరీ రసాయనాలే. ప్రకృతిలో లేవా? మన మెట్టల జామాయిల్‌లో లిగ్నిన్ అనే పదార్థం ఉంది. కాగితం మిల్లులో గుజ్జు తీశాక అది నల్లద్రవంలో మిగులుతుంది. మిల్లు దాన్ని బాయిలర్లో కాల్చుకుంటుంది కాబట్టి ఊరికే ఇవ్వదు లెండి. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర 44వ జాతీయ రహదారిపై లిగ్నిన్ కలిపిన తారుతో వేసిన రోడ్డును ప్రారంభించారు. అదే రహదారి మన కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. అయితే అక్కడ లిగ్నిన్‌ని తారులో కొంతభాగానికి బదులుగా వాడారు, ఎమల్షన్ నిలబెట్టడానికి కాదు.

నా ఆశ రొయ్య మీద. మన జిల్లా తీరంలో గుట్టలుపడే పెంకుల నుంచి కైటోసాన్ అనే పదార్థం తీయొచ్చు. కాస్త ఆమ్లం కలిపిన నీటిలో కరిగి ధనావేశం పొందుతుంది. ఉదయగిరి వైపు పలుగురాయికి నీళ్లలో రుణావేశం. రెండూ అతుక్కోవాలి మరి. కైటోసాన్‌కి ఒంటరిగా బొట్లను పట్టే బలం తక్కువ, తోడేదో కావాలి. పట్టాలు అందుకున్న పిల్లలూ, ఆ తోడు వెతకడం మీ పని.

గుప్పెడు కంకర తెచ్చుకోండి. గ్లాసులో వేసి, దానిమీద ఎమల్షన్ పోసి, గడియారం పక్కన పెట్టుకుని కూర్చోండి. ఎన్ని నిమిషాలకు నల్లబడిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.