లెక్కలోకి రాని బిడ్డ

 

ఈ ఉదయకాలమున మీతో డబ్బు గురించి మాట్లాడాలని ఉంది. కానుకల గురించి కాదు, భయపడకండి. బడికి వచ్చే డబ్బు గురించి. నడవలేని, చూడలేని, వినలేని, అందరిలాగా త్వరగా నేర్చుకోలేని పిల్లల పేరున బడికి వచ్చే డబ్బు గురించి. ప్రసంగంలో ఇదేమి సంగతి అని కొందరు అనుకోవచ్చు. దయచేసి ఓపికతో వినండి.

తప్పిపోయిన గొర్రె కథ మీకు కంఠతా వచ్చు. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిందని ఆ కాపరికి ఎలా తెలిసింది? సాయంకాలం లెక్కపెట్టాడు గనుక తెలిసింది. మనం వెదికిన భాగమే చెప్పుకుంటాం, లెక్కపెట్టిన సంగతి వదిలిపెడతాం. ఆయన తొంభైతొమ్మిది దగ్గర ఆగి, "సుమారు నూరే ఉంటాయిలే" అనుకొని దొడ్డి తలుపు వేసుకొని ఉంటే, ఆ గొర్రెను వెదకడానికి ఎవరు వెళ్లేవారు?

ఇప్పుడు నేను చూచిన ఒక సంగతి చెబుతాను. కొండాపూరులో మా కూడికకు వచ్చే ఒక సహోదరి ఉన్నది. పాలమూరు వైపు నుండి భవన నిర్మాణం పనికి వచ్చిన కుటుంబం. భర్త సెంట్రింగు పని చేస్తాడు, ఈమె నాలుగు ఫ్లాట్లలో ఇంటిపని చేస్తుంది. పెద్ద కొడుకుకు తొమ్మిదేండ్లు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలి కాళ్లు, ఒక చేయి స్వాధీనంలో లేవు. సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు అంటారు. మాట నత్తిగా వస్తుంది గాని తెలివి చురుకైనదే. తల్లి ఇచ్చిన కూలి డబ్బు ఎంతో, పాలవానికి ఎంత బాకీ ఉందో వాడే లెక్క చెబుతాడు. ఆ బిడ్డను ఆమె దగ్గరలోని బడికి మూడుసార్లు చంకన వేసుకొని తీసుకుపోయింది. మూడుసార్లూ తిరిగి వచ్చింది.

నాలుగోసారి నేను వెంట వెళ్లాను. ఆ బడి పేరు చెప్పను. హెడ్మాస్టరుగారు చెడ్డవారు కారు, మాకు కుర్చీలు వేయించి టీ తెప్పించారు. "పాస్టరుగారూ, మాకు మాత్రం జాలి లేదా? ఇలాంటి పిల్లలకు మా దగ్గర నిధులు లేవు. నిధులు వస్తే తప్పక చేర్చుకుంటాం" అన్నారు. నాకది న్యాయంగానే తోచింది. టీ త్రాగి, కృతజ్ఞతలు చెప్పి బయటకు వచ్చాను. ఆ తల్లి నా ముఖం చూచి, "పోనీలెండి అయ్యగారూ" అన్నది. ఆమె నన్ను ఓదార్చినది! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే హెడ్మాస్టరుగారు చెప్పినది తలక్రిందుల మాట అని నాకప్పుడు తెలియదు.

తరువాత భవిత కేంద్రంలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు నాకు విడమరచి చెప్పింది. ఈ భవిత కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మండల స్థాయిలో ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు పాఠం చెప్పడం, ఫిజియోథెరపీ చేయించడం, కదలలేని పిల్లల ఇంటికే వెళ్లి నేర్పించడం వీరి పని. ఆమె అన్నది: "నిధులు వస్తే చేర్చుకోవడం కాదండీ, చేర్చుకుంటే నిధులు వస్తాయి."

ప్రియులారా, దీనిని కాస్త నిదానంగా చెబుతాను. ప్రతి బడీ ఏటా యుడైస్ అనే ఒక సమాచార పట్టిక నింపుతుంది. అందులో ఎంతమంది పిల్లలు, ఎన్ని గదులు, ఎన్ని మరుగుదొడ్లు అనే ప్రశ్నలతో పాటు, వైకల్యం గల పిల్లలు ఎందరు, ఏ రకమైన వైకల్యం అనే ప్రశ్న కూడా ఉంటుంది. ఆ సంఖ్య బడి నుండి మండలానికి, మండలం నుండి జిల్లాకు, అక్కడి నుండి రాష్ట్రానికి, ఢిల్లీకి పోతుంది. దాని ఆధారంగానే మరుసటి సంవత్సరపు ప్రణాళిక, దాని డబ్బు. ఈ ఏడు మనం వ్రాసిన అంకె వచ్చే ఏటి రూపాయి. సున్న అని వ్రాస్తే సున్నే వస్తుంది. అప్పుడు "నిధులు లేవు" అంటాం. ఆ మాట నిజమే అవుతుంది, దానిని నిజం చేసినది మన కలమే.

ఎంత డబ్బు? 2018లో సర్వశిక్షా అభియాన్‌నూ మరి రెండు పథకాలనూ కలిపి సమగ్ర శిక్ష అన్నారు. అందులో వైకల్యం గల ఒక్కొక్క బిడ్డకు సంవత్సరానికి 3,500 రూపాయల వరకు అని నిర్ణయించారు. మొదట సర్వశిక్షా రోజుల్లో అది 1,200 మాత్రమే. ఇదిగాక ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు ఉపకార వేతనం. 3,500 అంటే నెలకు 300 కూడా పడదు. మాదాపూర్‌లో ఒక పూట భోజనానికి అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టే వారున్నారు. చాలా తక్కువే, ఒప్పుకుంటాను. అయితే ఈ డబ్బు బిడ్డ చేతికి ఇచ్చేది కాదు. పిల్లవాడిని పరీక్షించడానికి, ఉపకరణాలకు, బ్రెయిలీ పుస్తకాలకు, పెద్ద అక్షరాల పుస్తకాలకు, బడికి తెచ్చి తీసుకుపోయే వారి భత్యానికి అని కేటాయిస్తారు. పదిమంది పిల్లల లెక్క ఒకచోట చేరితే 35,000. అప్పుడు ఆ సొమ్ముతో ఏదో ఒకటి చేయవచ్చు. ఒక్కరూ లెక్కలో లేకపోతే ఏమీ లేదు.

ఇదిగాక బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఉన్నది. పిల్లల సంఖ్యను బట్టి లక్ష రూపాయల వరకు. సున్నాలు, చీపుళ్లు, సుద్దముక్కలు అన్నీ దానిలోనే. దానిలోనుండి కొంచెం తీసి వెనుక గదిలో ఒక ట్యూబులైటు వేయించినా మందదృష్టి గల బిడ్డకు మేలే. ముందు వరుసలో కూర్చోబెట్టడానికైతే పైసా అక్కరలేదు.

డబ్బు వచ్చిన చోట దానిని ఎలా ఖర్చు పెడుతున్నాం? దీని గురించి నాకు కొంచెం కోపం ఉన్నది, క్షమించండి. అనేక బడులలో ర్యాంపు కట్టారు. బిల్లు పాసయింది, ఫోటో తీశారు. వెళ్లి చూడండి. అరుగు అడుగున్నర ఎత్తు ఉంటుంది, ర్యాంపు ఆరడుగులు ఉంటుంది. అది ర్యాంపు కాదు, జారుడుబండ. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అంటే అడుగున్నర అరుగుకు పద్దెనిమిది అడుగులు. అప్పుడే చక్రాల కుర్చీలోని బిడ్డ తానుగా ఎక్కగలడు. ఎక్కిన తరువాత మరుగుదొడ్డికి పోవాలి గదా! అక్కడ మళ్లీ ఒక మెట్టు, రెండడుగుల తలుపు. మరుగుదొడ్డికి పోలేని బిడ్డ ఏమి చేస్తాడో తెలుసా? పొద్దున్నుండి నీళ్లు త్రాగడు. ఆడపిల్లయితే కొన్నాళ్లకు బడే మానేస్తుంది. మేస్త్రీకి పని చెప్పేముందు ఆ బిడ్డనూ, ఆ తల్లినీ పిలిచి ఒకసారి అడగండి. ఎక్కడ పట్టుకొమ్మి కావాలో వారికి తెలిసినంత ఇంజనీరుకు కూడా తెలియదు.

2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులు అనే మాటకు బదులు దివ్యాంగులు అనమన్నారు. మంచిదే. పేరు మారింది గాని ఆ మెట్టు మాత్రం అంతే ఎత్తున ఉన్నది.

చట్టం మాటకు వస్తే, 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం ఇరవై ఒకటి గుర్తించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చదవడం వ్రాయడంలో కలిగే ఇబ్బందులు అన్నీ అందులోకి వచ్చాయి. ప్రభుత్వం నడిపేవైనా, గుర్తింపు పొందినవైనా, బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని ఆ చట్టం చెబుతున్నది. ఉపకరణాలకు, భత్యాలకు వైకల్య ధ్రువపత్రం అడుగుతారు. చేర్చుకోవడానికి అది షరతు కాదు. "ముందు సర్టిఫికెట్ తే" అని తిప్పి పంపితే, ఆ మాట ఎక్కడ వ్రాసి ఉందో చూపించమని మర్యాదగా అడగండి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో ఇలాంటి పదిమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో పదిహేను మందికి ఒకరు ఉండాలని చెప్పింది. ఇదీ మళ్లీ లెక్కే. పిల్లల పేర్లు పట్టికలో లేకపోతే పోస్టు అడగడానికి ఆధారం ఏది?

ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేయుచున్న సహోదరీ సహోదరులతో రెండు మాటలు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఈ చుట్టుప్రక్కల రాళ్లూ గుట్టలే. ఇప్పుడు మీ కంపెనీలు ఎంత ఎత్తుకు ఎదిగాయో మీకే తెలుసు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. ఆ జాబితాలో వైకల్యం గల వారి విద్య పేరుపెట్టి ఉన్నది. వంద కోట్ల సగటు లాభం ఉంటే రెండు కోట్లు. బిడ్డకు 3,500 చొప్పున చూస్తే అది 5,700 మందికి పైగా పిల్లల వంతు. కాని మా శేరిలింగంపల్లి బడులకు ఏమి వస్తున్నది? గోడలకు రంగులు, బొమ్మలు, ఒకరోజు సంబరం, టీషర్టులు. రంగులు వద్దని నేననను. అయితే ఒకరోజు పనికంటే, ఏడాది పొడుగునా ఒక ఫిజియోథెరపిస్టు జీతం, ఒక ఆటో కిరాయి, ఒక ఆయా వేతనం మేలు. ఫోటోకు పనికిరావు గనుక వీటిని ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

డబ్బే లేని చోట కూడా మీరు చేయగలిగినది ఉన్నది. ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేరు తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టినది, ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. మీ కంపెనీ ఇచ్చిన కంప్యూటర్లు బడిలో అట్టపెట్టెల్లో ఉంటే, శనివారం వెళ్లి ఒకదానిలో అది వేసి, ఒక టీచరమ్మకు నేర్పించి రండి. మీకు అరపూట పని.

దేవనార్ అంధుల పాఠశాల పేరు మీరు వినే ఉంటారు. కంటి వైద్యులు సాయిబాబా గౌడ్‌గారు హైదరాబాదులో స్థాపించినది. మచిలీపట్నం దగ్గరి పల్లె నుండి వచ్చిన శ్రీకాంత్ బొల్లా అక్కడ చదివారు. చూపు లేనివారికి ఇంటర్‌లో సైన్సు ఇవ్వమన్నారు. కోర్టుకు వెళ్లి సాధించుకొని, పుస్తకాలు విని చదివి, అమెరికాలోని ఎంఐటీ వరకు వెళ్లారు. 2012లో ఇక్కడే బొల్లాంట్ పరిశ్రమ పెట్టారు. ఆయన మీద సినిమా కూడా వచ్చింది. అయినా ఒక మాట. ప్రతి బిడ్డా ఎంఐటీకి పోనక్కరలేదు. పోలేని బిడ్డకు కూడా బడి ఉండాలి.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుండి బుద్ధిమాంద్యం గల వారి కోసం జాతీయ సంస్థ ఉన్నది, ఇప్పుడు దానిని ఎన్‌ఐఈపీఐడీ అంటారు. పిల్లవాడిని పరీక్షించి, ఏమి నేర్పాలో, ఎలా నేర్పాలో అక్కడ చెబుతారు. కొండాపూరు నుండి రెండు బస్సులు. దూరమే గాని వెళ్లండి.

ఇతరులను అన్నాను గనుక మన సంగతి కూడా చెప్పాలి. మా మందిరానికి నాలుగు మెట్లున్నాయి. ఆ పిల్లవాడిని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఎత్తుకొని లోపలికి తెచ్చేవారు, మేమంతా అది ప్రేమ అనుకున్నాము. ఒకరోజు వాడే అడిగాడు, "అయ్యగారూ, నేను పెద్దయితే ఎవరు ఎత్తుతారు?" అని. మైకు సెట్టు కొనాలని కూడబెట్టిన సొమ్ముతో ర్యాంపు వేయించాం. పాత మైకు ఇంకా గీపెడుతూనే ఉంటుంది, మీకు వినబడుతుందేమో.

రెండవసారి ఆ ఉపాధ్యాయురాలిని వెంటబెట్టుకొని బడికి వెళ్లాము. హెడ్మాస్టరుగారికి ఆమె పట్టిక తీసి చూపించింది. ఆయన చాలాసేపు చదివి, "నాకిది ఎవరూ చెప్పలేదమ్మా" అన్నారు. వాడి పేరు రిజిస్టరులో వ్రాశారు. రెండేండ్లు వృథాగా పోయాయి, ఇప్పుడు తనకంటే చిన్నపిల్లలతో కూర్చుంటాడు. లెక్కల్లో మాత్రం వారికి వాడే చెబుతాడట. చక్రాల కుర్చీ ఇంకా రాలేదు. శిబిరంలో కొలతలు తీసుకొని వెళ్లారు, పిలుస్తామన్నారు. అంతవరకు తల్లి చంకనే.

జూన్‌లో బడిబాట అని టీచర్లు మీ వీధికి వస్తారు. "ఈ ఇంట్లో బడి ఈడు పిల్లలున్నారా?" అని అడుగుతారు. ప్రక్క ఇంట్లో మంచం మీద ఒక బిడ్డ ఉంటే, ఆ తల్లి సిగ్గుపడి చెప్పకపోతే, మీరు ఆమెను పిలుచుకొని రండి. పేరు, వయస్సు, తల్లి ఫోను నంబరు వ్రాయించండి. వ్రాశారో లేదో ప్రక్కన నిలబడి చూడండి.