పాత్ర దక్కినంకనే అవార్డు ముచ్చట

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈ పూట మేం మాట్లాడబోయేది అమెరికా సంగీత నాటక రంగంలోని ఒక నటి గురించి. ఆమె పేరు ఆడ్రా మెక్‌డొనాల్డ్. నల్లజాతి బిడ్డ. 1970లో పుట్టింది, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పెరిగింది, న్యూయార్క్‌లోని జూలియర్డ్ స్కూల్‌లో శాస్త్రీయ గానం నేర్చింది. 2025 నాటికి ఆమెకు నటనలో పదకొండు టోనీ నామినేషన్లు, ఆరు టోనీ అవార్డులు. నటీనటుల్లో ఇన్ని నామినేషన్లు ఇంకెవరికీ లేవు. పోటీలో గెలిచిన అవార్డులూ ఇన్ని లేవు.

2025 జూన్ 8న ఏడోది వస్తదని చానామంది ఎదురుచూసిండ్రు. రాలేదు. 'సన్‌సెట్ బులవార్డ్' నాటకంలో నటించిన నికోల్ షెర్జింగర్ గెలిచింది. అప్పటిసంది రెండు తీర్ల వాదన నడుస్తున్నది. ఆరు వచ్చినయి కదా, ఇంకెన్ని కావాలె అనేటోళ్లు ఒక దిక్కు. అంత పెద్ద నటికి అన్యాయం చేసిండ్రు అనేటోళ్లు ఇంకో దిక్కు. రెండు దిక్కులోళ్లూ బహుమతులనే లెక్కబెడుతున్నరు. మేం వేరే లెక్క మీ ముందు పెడుతం. ముప్పయ్యేండ్లలో ఆమెకు ఎప్పుడెప్పుడు ఏ పాత్ర ఇచ్చిండ్రు? ఏ వరుసలో నిలబెట్టిండ్రు? ఓట్లు పడేనాటికి ఆ నాటకం ఆడుతున్నదా, మూతపడ్డదా? అవార్డు వచ్చే అవకాశమనేది సగం ఈడనే తేలిపోతది. ప్రతిభ ముచ్చట ఆ తర్వాతనే వస్తది.

ఓటు ఎవరిది?

టోనీ అవార్డులు 1947లో మొదలైనయి. న్యూయార్క్ మన్‌హట్టన్‌లోని బ్రాడ్వే థియేటర్లు 41. ఆ థియేటర్లల్ల ఆడిన నాటకాలకే ఈ అవార్డులు. ఊరవతల ఎంత గొప్పగ ఆడినా లెక్కలకు రాదు. మొదలు ఒక కమిటీ నామినేషన్లు వేస్తది. తర్వాత ఎనిమిది వందల పైచిలుకు ఓటర్లు ఓటేస్తరు. వీళ్లెవరు? నటులు, దర్శకులు, రచయితలు ఉంటరు. వాళ్లతోటే నిర్మాతలు ఉంటరు. హిట్టయిన నాటకాన్ని ఊరూరు తిప్పే థియేటర్ల వాళ్లు కూడ ఉంటరు. అంటే కళను తూచే చేతిలనే వ్యాపారం తక్కెడ కూడ ఉన్నదన్నట్టు. దీన్ని మేం కుట్ర అంటలేం. ఓటరు ఎవరో తెలియకుండ ఫలితం మీద కొట్లాడుడు దండగ అంటున్నం.

నటులకు వరుసలు వేరేవేరే. సంగీత నాటకంలో ప్రధాన నటి, సహాయ నటి. వచన నాటకంలో ప్రధాన నటి, సహాయ నటి. మొత్తం నాలుగు. ఎవరు ప్రధాన, ఎవరు సహాయ అన్నది మామూలుగ పోస్టర్ మీద తేలుతది. నాటకం పేరుకు పైన పేరు పడితే ప్రధాన, కింద పడితే సహాయ. మార్చాలంటే అవార్డుల కమిటీ తీర్మానం చెయ్యాలె. అంటే కళాకారిణి ఏ వరుసలో నిలబడాల్నో పోస్టర్ అచ్చయిన నాడే సగం రాసిపెట్టి ఉంటది.

పక్క పాత్రల్లో మూడు గెలుపులు

ఇగ ఆమె లెక్క చూద్దాం. 1994లో 'కెరోసెల్' నాటకంలో క్యారీ అనే మిల్లు కార్మికురాలి పాత్ర వేసింది. కథానాయిక స్నేహితురాలి పాత్ర అది. పాతకాలంగ తెల్లవాళ్లే వేస్తూ వచ్చిన ఆ పాత్రను దర్శకుడు నికొలస్ హైట్నర్ ఈమెకు ఇచ్చిండు. మొదటి టోనీ అక్కడనే వచ్చింది. అప్పుడామె వయసు 23. 1996లో 'మాస్టర్ క్లాస్' వచన నాటకంలో, మరియా కాలస్ ముందట పాడి చీవాట్లు తినే విద్యార్థిని పాత్రకు రెండోది. 1998లో 'ర్యాగ్‌టైమ్'లో శారా పాత్రకు మూడోది. ఆ శారా మొదటి అంకం అయిపోయేలోపలనే చనిపోతది.

అయిదేండ్లలో మూడు టోనీలు. వయసు ఇంకా 28 నిండలేదు. అందరు ఆహా అన్నరు. మేం ఇంకో సంగతి చెప్పదలుచుకున్నం. మూడూ సహాయ నటి అవార్డులే. మూడుసార్లూ ఆమె ఇంకొకరి కథల పక్కన నిలబడ్డ మనిషే. సగం నాటకంలో ఉండి మొత్తం నాటకాన్ని కొల్లగొట్టిన నటికి, మొత్తం నాటకం చేతికిస్తే ఏం చేసేది? ఆ ప్రశ్న అప్పుడు ఎక్కువమంది అడగలేదు.

క్యాలెండర్ కొట్టిన దెబ్బ

సంగీత రచయిత మైకేల్ జాన్ లాకియూసా అడిగిండు. ఆమెను మనసుల పెట్టుకొని 'మేరీ క్రిస్టీన్' రాసిండు. గ్రీకు మెడియా కథను 1890ల నాటి అమెరికాకు తెచ్చిన నాటకం. 1999 డిసెంబర్‌లో మొదలైంది, 2000 జనవరిలోనే ముగిసింది. అవార్డుల నాటికి ఆ సెట్టు లేదు, ఆ గొంతు లేదు. అదే వసంతంలో మొదలైన 'అయీడా' మాత్రం ప్రతిరోజూ నడుస్తున్నది. అందులో నటించిన హెదర్ హెడ్లీ ప్రధాన నటిగ గెలిచింది. ఆమె కూడ నల్లజాతి నటే, గొప్ప గాయనే. ఆమె గెలుపును తక్కువ చేసుడు మా ఉద్దేశం కాదు. ఒక నటి పోటీకి నాటకంతోటి వచ్చింది, ఇంకో నటి ఆరు నెలల కిందటి జ్ఞాపకంతోటి వచ్చింది. ఆ తేడా చూడాలె.

2004లో 'ఎ రైజిన్ ఇన్ ద సన్' నాటకంలో రూత్ పాత్రకు నాలుగో టోనీ. మళ్లా సహాయ నటే. 2007లో '110 ఇన్ ద షేడ్'లో ప్రధాన పాత్ర దొరికింది. కానీ ఆ యేడు 'గ్రే గార్డెన్స్'లో క్రిస్టీన్ ఎబర్సోల్ ఉన్నది. అవార్డు ఆమెకు పోయింది. ఆడ్రా అదే యేడు 'ప్రైవేట్ ప్రాక్టీస్' టీవీ సీరియల్‌లకు పోయి నాలుగు సీజన్లు చేసింది. నాటకం పొట్ట నింపదు అనేది మన రంగస్థల కళాకారులకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

యేటి సంగతి కూడ చెప్పాలె. 1995లో ఇదే 'సన్‌సెట్ బులవార్డ్'లో గ్లెన్ క్లోజ్ గెలిచినప్పుడు ప్రధాన నటి వరుసలో ఉన్నది మొత్తం ఇద్దరే. 2012ల ఆడ్రాకు ఎదురుగ నలుగురు ఉన్నరు. బహుమతి ఒకటే, బరువు ఒకటే, పోటీ మాత్రం ఒకటి కాదు.

ఏ వరుసలో కూసోబెట్టిండ్రు?

2012లో 'పోర్గీ అండ్ బెస్'లో బెస్ పాత్రకు సంగీత నాటక ప్రధాన నటి అవార్డు దక్కింది. మొదటి టోనీ తర్వాత 18 ఏండ్లకు!

2014లో 'లేడీ డే ఎట్ ఎమర్సన్స్ బార్ అండ్ గ్రిల్'. గాయని బిల్లీ హాలిడే చివరి రోజుల కథ. స్టేజీ మీద ఆమె, వెనుక వాయిద్యగాళ్లు. పాట పాడుతది, ముచ్చట చెప్తది, మళ్లా పాడుతది. దీన్ని వచన నాటకం కింద లెక్కగట్టిండ్రు. అదే యేడు జానిస్ జోప్లిన్ పాటలతోటి నడిచిన కార్యక్రమంలోని నటిని మాత్రం సంగీత నాటకం వరుసలో పెట్టిండ్రు. రెండింట్లోనూ ఒక గాయని జీవితమే, పాటలే. వరుసలు వేరు. ఆడ్రా వచన నాటక ప్రధాన నటిగ గెలిచింది. అది ఆరో టోనీ. నాలుగు వరుసల్లోనూ గెలిచిన ఏకైక మనిషి అయింది.

సంగీత నాటకం కిందనే పెట్టి ఉంటే గెలిచేదా? అప్పుడు జెస్సీ మ్యూలర్, కెల్లీ ఒహారా, సటన్ ఫాస్టర్, ఇడినా మెంజెల్ లాంటోళ్లతోటి పోటీ పడాల్సి వచ్చేది. గెలిచేదో లేదో మనం చెప్పలేం. వరుస మారితే లెక్క మారుతదని మాత్రం చెప్పొచ్చు. ఈసారి వరుస ఆమెకు కలిసొచ్చింది. వ్యవస్థ ఆమెకు ప్రతిసారీ ఎదురే నిలబడ్డదని మేం అంటే అది అబద్ధం అయితది.

2016లో 'షఫుల్ అలాంగ్'కు పది నామినేషన్లు వచ్చినయి. అందులో ఆమెది లేదు! 2021 సెప్టెంబర్‌లో జరిగిన అవార్డుల్లో 'ఫ్రాంకీ అండ్ జానీ'కి నామినేషన్, గెలుపు లేదు. 2023లో 'ఒహాయో స్టేట్ మర్డర్స్'కు నామినేషన్, గెలుపు లేదు. నల్లజాతి రచయిత్రి ఏడ్రియన్ కెనడీ నాటకం ఒకటి బ్రాడ్వే ఎక్కుడు అదే మొదలు. అప్పటికి ఆ రచయిత్రికి 91 ఏండ్లు. డిసెంబర్‌లో మొదలైన ఆ నాటకం జనవరి మధ్యలోనే మూతపడ్డది. 'మేరీ క్రిస్టీన్' కథే మళ్లా!

రోజ్ పాత్ర - ఆరుగురు నటులు

ఇగ 2025. 'జిప్సీ' 1959 నాటి సంగీత నాటకం. బిడ్డలను ఎట్లన్న స్టేజీ ఎక్కించాలని ప్రాణం పెట్టే, ఆ ఆరాటంలో బిడ్డలనే నలిపేసే తల్లి రోజ్ కథ. సంగీత నాటక నటులకు ఇది కొండ లాంటి పాత్ర. బ్రాడ్వేలో ఆడ్రా కంటే ముందు అయిదుగురు ప్రధాన నటులు ఈ పాత్రతోటి వచ్చిండ్రు. అందరూ తెల్లవాళ్లే. ఎథెల్ మెర్మన్ కోసమే ఈ పాత్ర పుట్టింది. అయినా 1960లో అవార్డు 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్'లోని మేరీ మార్టిన్‌కు పోయింది. 1975లో ఏంజెలా లాన్స్‌బరీ గెలిచింది. 1990లో టైన్ డేలీ గెలిచింది. 2003లో బెర్నడెట్ పీటర్స్ ఓడింది. 2008లో పాటీ లూపోన్ గెలిచింది. ఆరో రోజ్ ఆడ్రా. ఈ పాత్రకు ఇప్పుడు మూడు గెలుపులు, మూడు ఓటములు.

అందుకని ఓటమి ఒక్కటి చూసి జాతి వివక్ష అని తేల్చుడు తొందరపాటే. గెలిచిన షెర్జింగర్ హోనలూలులో పుట్టింది, ఆమె తండ్రిది ఫిలిప్పీన్స్ మూలం. లండన్‌లో అదే పాత్రకు 2024లో ఒలివియర్ అవార్డు తీసుకొని వచ్చింది. ఆడ్రాది శాస్త్రీయ గొంతు, రోజ్ పాటలకు మెర్మన్ లాంటి గుండె కేక కావాలె అని వాదించినోళ్లు ఉన్నరు. పగిలే ఆ గొంతుతోనే రోజ్ గాయం కొత్తగ వినవడ్డదని చెప్పినోళ్లూ ఉన్నరు. ఇవి న్యాయమైన వాదనలే, కొట్లాడుకోవచ్చు.

మరి వివక్ష ఏడున్నది? అవార్డు రాత్రి ఇచ్చిన కవర్‌లో వెతికితే దొరకదు. 1959 నుంచి 2024 దాకా, 65 ఏండ్లు, బ్రాడ్వేలో ఒక్క నల్లజాతి నటికి కూడ ఈ పాత్రను ప్రధాన నటిగ అప్పజెప్పలేదు. ఆ 65 ఏండ్లలో ఎంతమంది రోజ్‌లు వచ్చి పోయిండ్రో ఏ ఓట్ల లెక్కలో కనవడదు. నోటిఫికేషనే పడని పోస్టుకు ర్యాంకు ఎవరు కొడుతరు? మన విద్యార్థులకు ఈ మాట విప్పి చెప్పాల్సిన పని లేదు.

ఈ తలుపు అంతకుముందు నుంచీ అంతే. టోనీలు మొదలైనంక సంగీత నాటక ప్రధాన నటి అవార్డు మొదటిసారి ఒక నల్లజాతి నటికి, డయాన్ కారొల్‌కు, రావడానికి 1962 దాకా పట్టింది. అది కూడ ఇంకొకరితోటి పంచుకున్నదే. 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో అనితగ స్టేజీని ఊపేసిన చీటా రివేరాకు ఆ పాత్రకు నామినేషన్ కూడ లేదు. ప్యూర్టో రికో తండ్రి బిడ్డ ఆమె. తర్వాత పది నామినేషన్లు, పోటీలో రెండు అవార్డులు. ఆ రెండింట్లో మొదటిది 1984లో. ఇవ్వాళ అనిత పాత్ర అంటే లోకానికి గుర్తొచ్చే మొదటి పేర్లలో ఆమెది ఒకటి. ఆ యేటి నామినేషన్ల చీటీ ఎవరికి గుర్తున్నది?

మనం ఏం అడగాలె?

అవార్డులు వట్టివే అని మేం అనం. అవార్డు వస్తే టికెట్లు తెగుతయి, కళాకారులకు పని దొరుకుతది, రేపటి పాత్ర దొరుకుతది. ఓడినోళ్లకు నష్టం నిజమైనదే. అయితే 2025లో గెలిచిన 'సన్‌సెట్ బులవార్డ్' జూలైలో ముగిసింది, ఓడిన 'జిప్సీ' ఆగస్టులో ముగిసింది. నెల తేడాతోటి రెండు స్టేజీలూ ఖాళీ అయినయి.

అందుకని మేం కోరేది ఇది. ఏ దేశంలనైనా, ఏ అవార్డు గురించైనా వాదించుకునేటప్పుడు ఎవరు గెలవాలె అనే ప్రశ్నను చివరికి పెట్టుండ్రి. ముందుగాల నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. పాత్ర ఎవరి చేతిలకు పోయింది? ఎన్నేండ్లకు పోయింది? ఏ వరుసలో నిలబెట్టిండ్రు? ఓటు ఎవరి జేబులో ఉన్నది? ఈ నాలుగింటికి జవాబు చెప్పినంక గొంతు గురించి, నటన గురించి తెల్లందాక కొట్లాడుకుందాం.

ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కు ఏడో టోనీ రేపు రావొచ్చు, రాకపోవచ్చు. ఏడో రోజ్‌గ మళ్లొక నల్లజాతి బిడ్డకు పిలుపు రావాలంటే ఇంకో 65 ఏండ్లు పట్టొద్దు. మేం కనిపెట్టుకొని ఉండేది దాని కోసమే.