పునాదిలో దాగిన అమానత్

స్తుతిస్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

తౌబా సూరా 109వ ఆయత్‌లో అల్లాహ్ రెండు కట్టడాలను మన ముందుంచాడు. ఒకదాని పునాది దైవభీతిపైన, దైవప్రసన్నతపైన లేచింది. రెండవది కోతకు గురై, ఒరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న గట్టు అంచున నిలిచింది. తనను కట్టినవారిని వెంటబెట్టుకొని నరకాగ్నిలో కూలింది. ఈ సందర్భంలో ప్రస్తావనకు వచ్చినవి ఖుబా మస్జిద్, కపట విశ్వాసులు మదీనాలో కట్టిన మస్జిదె జిరార్ అని వ్యాఖ్యాతలు వివరించారు. పైకి రెండూ మస్జిదులే. తేడా అంతా అడుగున ఉంది.

ఆ ఆయత్ హృదయ స్థితిని గురించి చెబుతున్నదన్నది నిజమే. అయితే మన జమాఅత్‌లో మేస్త్రీలున్నారు, రాడ్ బెండర్లున్నారు, సెంట్రింగ్ పనివారున్నారు, ఇల్లు కట్టిస్తున్నవారూ ఉన్నారు. వారికి పునాది అనేది ఉపమానం మాత్రమే కాదు, రేపు ఉదయం చేయవలసిన పని. అందుకే నేడు ఇంటి కింద పరిచే కాంక్రీటు పలకను, అంటే ర్యాఫ్ట్ పునాదిని గురించే మాట్లాడదలచాము.

మన నల్లరేగడి వర్షాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేలలో ఒక స్తంభం లేచి మరొకటి కుంగితే గోడలు చీలుతాయి. అందువల్ల కొన్ని స్థలాలలో ఇంజనీర్లు ఇంటి అడుగంతా ఒకే పలకగా వేయిస్తారు. ముందు మెత్తని మట్టిని, వేళ్ళను తీసివేయాలి. ఆపైన మొరాన్ని ఆరేసి అంగుళాల పొరలుగా పరిచి, తడిపి, ఒక్కొక్క పొరనూ అణగగొట్టాలి. రెండడుగుల మొరాన్ని ఒక్కసారే పోసి రోలరు తిప్పితే పైభాగం గట్టిగా కనిపిస్తుంది, లోపల వదులుగానే ఉంటుంది. దానిపై మూడు, నాలుగు అంగుళాల పీసీసీ, దానిపై ఇనుప జాలీ. అడుగు చువ్వలు నేలను తాకకుండా 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులపై నిలవాలి. తాకిన చువ్వ తుప్పుపడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. పై జాలీని కుర్చీలపై నిలపాలి. పనివారి కాళ్ళ కింద అది అణగిపోతే ఉండవలసిన చోట ఇనుము ఉండదు.

సోదరులారా! కాంక్రీటు పోసిన సాయంత్రానికి వీటిలో ఏదీ కంటికి కనిపించదు. పరీక్ష అక్కడే ఉంది.

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన నమోదై ఉంది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు విన్నవించుకున్నాడు. అయితే ఆ తడిని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవానికి తమతో సంబంధం లేదని ప్రకటించారు. వర్షం పడటం వర్తకుని తప్పు కాదు. దానిని దాచడం తప్పు.

మన పనిలోనూ దాగేది నీరే కావడం గమనించండి. సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో దాదాపు నాలుగో వంతు నీరు చాలు. కలపడానికి, పరచడానికి వీలుగా మరికొంత చేరుస్తారు. సాధారణంగా వాడే 1:1½:3 మిశ్రమంలో 50 కిలోల బస్తాకు మొత్తం 25 నుండి 27 లీటర్లు, అదీ ఇసుకలోని తడిని కలుపుకొని. అంతకు మించిన నీరు క్రమంగా ఆవిరైపోయి లోపల సన్నని రంధ్రాలను మిగుల్చుతుంది. అయినా పని సులువుగా సాగుతుందని మరో రెండు బకెట్లు కుమ్మరిస్తారు. రెడీమిక్స్ లారీ వస్తే డ్రైవరుకు చెప్పి పైపుతో నీరు పట్టిస్తారు. వైబ్రేటరు పెట్టవలసిన చోట నీరు పోయడం సులువే. సిమెంటు దొంగిలించడం పాపమని మనవారందరికీ తెలుసు; నీరు ఎక్కువ పోయడం కూడా ఆ బలాన్ని దొంగిలించడమేనని మేము నొక్కి చెబుతున్నాము.

ఎవరి బలం అది? కువైట్ ఎండలో పనిచేసి పంపిన సొమ్ముతో ఇల్లు కట్టించుకుంటున్నవారు మన మధ్య ఎందరో ఉన్నారు. పనిని బావమరిదికో తమ్ముడికో అప్పగిస్తారు. ఫోనులో వారికి చూపేది నున్నగా మెరిసే పైభాగాన్నే. మేస్త్రీతో పాటు, ఆ పర్యవేక్షణ బాధ్యత తీసుకున్న బంధువు కూడా అమానత్‌దారుడే. ఇక యజమానుల సంగతి. గిట్టని ధరకు మేస్త్రీని కుదుర్చుకొని, మిగతా లెక్క అతను ఎలా సరిచేసుకుంటాడో తెలిసీ కళ్ళు మూసుకునేవారికి ఆ పాపంలో భాగం లేదనుకోవద్దు.

కూలిన తర్వాత తఖ్దీర్ అనడం తేలిక. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వచ్చి, ఆ దేశంలోనే 50 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. భూమి కంపించడం అల్లాహ్ నిర్ణయం. కాని నాసిరకం కాంక్రీటుతో, నియమాలను పక్కనబెట్టి కట్టిన భవనాలు కుటుంబాలపై కూలడం మనుషుల చేతిపని. అందుకే అక్కడి ప్రభుత్వం ఎందరో కాంట్రాక్టర్లను అరెస్టు చేసింది. ఒంటెను కట్టిన తర్వాతే దైవంపై భారం వేయమని నేర్పిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. కీడు తొలగాలని పునాది గుంటలో మేకను కోసి రక్తం చిందించడం, మూలల్లో నిమ్మకాయలు పాతడం మనవారిలోనూ చూస్తున్నాము. జిన్నాతులను శాంతింపజేయడానికి జబహ్ చేయడం షిర్క్. కృతజ్ఞతగా పేదలకు అన్నం పెట్టదలిస్తే అల్లాహ్ పేరున జబహ్ చేసి పంచండి. గుంటకు దానితో పనిలేదు. నిమ్మకాయలపై చూపే శ్రద్ధ కవర్ బ్లాకులపై చూపితే ఇల్లు క్షేమంగా ఉంటుంది.

పోత మొదలైతే మధ్యలో ఆపరాదు. ముందు పోసినది బిగిసిన తర్వాత కొత్తది పోస్తే రెండింటి మధ్య అతుకు మిగులుతుంది. కాబట్టి జుమా వేళకు ముగియదని తెలిసిన పోతను శుక్రవారం పెట్టుకోకండి. లారీ వచ్చి నిలబడిన తర్వాత పనివారు నమాజుకూ పనికీ మధ్య నలిగిపోవడం వారి నేరం కాదు, తేదీ నిర్ణయించినవారిది.

పోసిన తర్వాత మళ్ళు కట్టి నీరు నిలపాలి. కనీసం 7 రోజులు. మనకు ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకు, మన వేసవికి 10 రోజులైనా తడి ఆరనివ్వరాదు. కాంక్రీటు బలాన్ని లెక్కించేది 28వ రోజున. ఆ 28 రోజులు యజమాని ఓపిక పట్టవలసిందే. కూలీకి ఇవ్వవలసిన సొమ్ము మాత్రం అన్ని రోజులు ఆగరాదు. చెమట ఆరకముందే శ్రామికునికి వేతనం చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పోత రోజు సాయంత్రం పారలు కడుక్కొని నిలబడినవారికి ఆ సాయంత్రమే లెక్క తేల్చండి.

ఓ అల్లాహ్! ఇల్లు కట్టుకుంటున్న మా సోదరులకు హలాల్ సొమ్మును, వారికి కట్టిపెడుతున్న చేతులకు నిజాయితీని, ఆ కప్పుల కింద నిద్రించబోయే పిల్లలకు క్షేమాన్ని ప్రసాదించు. ఆమీన్.