తమ్ముడు రేపు వస్తాడట!



పదో తరగతి పిల్లలున్న ఇళ్ళలో పరీక్షల ముందు వల్లెవేత మీరు వినే ఉంటారు. "టుమారో అంటే ది నెక్స్ట్ డే, హియర్ అంటే దేర్, విల్ అంటే వుడ్." డైరెక్ట్ స్పీచిని ఇండైరెక్టులోకి మార్చే పట్టిక అది. పిల్ల కంఠతా పట్టేస్తుంది. పేపర్లో వాక్యం కాస్త మారిందా, మార్కులు పోతాయి. "మనకి ఇంగ్లీషు రాదు, మనమేం చెబుతాం" అని వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఈ పాఠం సగం మీకు వచ్చు.

మీరు బెల్లంకొండలో ఉన్నారు. సత్తెనపల్లి నుంచి మీ తమ్ముడు ఫోను చేసి, "అక్కా, ఇక్కడ వాన పడుతోంది. నేను రేపు వస్తాను" అన్నాడు. మీరు అత్తగారితో ఏమంటారు? "అక్కడ వాన పడుతోందట అత్తయ్యా. తమ్ముడు రేపు వస్తాడట" అంటారు. 'ఇక్కడ' పోయి 'అక్కడ' వచ్చింది. 'వస్తాను' పోయి 'వస్తాడు' వచ్చింది. మీకెవరూ పట్టిక ఇవ్వలేదు! చెప్పే మనిషి మారింది, చోటు మారింది, కనుక మాట మారింది. ఇంగ్లీషువాడు చేసేదీ ఇదే.

మన పిల్లలు తడబడేది 'అని' దగ్గర. "వస్తానన్నాడు" అన్నప్పుడు తమ్ముడి 'వస్తాను' చెక్కుచెదరకుండా అందులోనే ఉంది. అది పట్టుకుని "హి సెడ్ దట్ ఐ విల్ కమ్" అని రాసేస్తారు. అప్పుడు వచ్చేది తమ్ముడు కాదు, రాసిన పిల్ల! అందుకని ముందు 'అట' పెట్టి తెలుగులో చెప్పించండి. 'వస్తాడట' అనగానే 'హి' దొరుకుతుంది. ఇక ఇంగ్లీషు అదనంగా అడిగేది కాలం. 'సెడ్' అని జరిగిపోయిన కాలం ఉంటే లోపలి క్రియ కూడా వెనక్కి జరగాలి. "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ ది నెక్స్ట్ డే." నిజానికి ఆ రోజే చెబుతుంటే టుమారో అలాగే ఉండొచ్చు, రేపు ఇంకా రేపే కదా. పరీక్షలో మాత్రం 'ది నెక్స్ట్ డే' అనే రాయమనండి.

"రా" అంటే మనం "రమ్మంది" అంటాం. "టోల్డ్ మి టు కమ్" అచ్చం అదే. 'ప్లీజ్' ఉంటే అది ఎగిరిపోయి 'రిక్వెస్టెడ్' వస్తుంది, మనం 'బతిమాలింది' అన్నట్టు.

ప్రశ్నల దగ్గర జాగ్రత్త. "వేర్ ఆర్ యు గోయింగ్?" అన్నదాన్ని "షి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్" అని రాయాలి. 'వజ్ ఐ' కాదు, ప్రశ్న గుర్తూ ఉండదు. "అన్నం తిన్నావా?" లాంటివాటికి 'ఇఫ్' గానీ 'వెదర్' గానీ తగిలించాలి. మన 'తిన్నానో లేదో' లాంటిదే అదీ.

ఇంకొకటుంది. మాస్టారు "బెల్లంకొండ మీద కోట ఉంది" అన్నారు. కృష్ణదేవరాయలు 1515 నాటి కొండవీటి దండయాత్రలో గెలుచుకున్న కోట అది, ఇవాళ్టికీ కొండమీద ఉంది. కనుక 'ఈజ్'ని 'వజ్' చెయ్యకపోయినా తప్పులేదు.