బిడ్డతో కలిసి భాష తయారు చేయాలంటే

శుక్రవారం కదా, బట్టలు ఉతుక్కుంటూ వినేవాళ్ళు, కూర పొయ్యి మీద పెట్టి వినేవాళ్ళు, దుప్పట్లోంచి లేవకుండానే వినేవాళ్ళు, అందరూ బాగున్నారనుకుంటాను. డ్యూటీలో ఉండి వినడం కుదరనివాళ్ళ కోసం ఎప్పట్లాగే రాసి కూడా పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది, తడబాట్లు మాత్రం తీసేశాను.

మనకు మామూలుగా వచ్చే ప్రశ్నలేంటి? అకామా, వీసా మార్పు, సెలవు జీతం, ఊళ్ళో అప్పు. పోయిన వారం వచ్చిన వాయిస్ మెసేజ్ వేరేలా ఉంది. కువైట్‌లో గోదాములో పని చేసే ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు గానీ విషయం చెప్పుకోవచ్చన్నాడు. ఆయన మాటల్లోనే చెప్తాను:

"అన్నా, మా బిడ్డ ఎనిమిదో తరగతి. దోస్తుతోని కలిసి ఏందో భాష తయారు చేసింది. నేను ఫోన్ చేసినప్పుడు నా ముంగటనే ఆ భాషల మాట్లాడుకొని నవ్వుకుంటరు. నాకు ఒక్క ముక్క సమజ్ కాదు. నాకు గూడ నేర్పియ్యే అంటే, 'ఇది మాది బాపూ, నీకు చెప్పద్దు. కావాలంటే మనిద్దరికి వేరేది చేసుకుందాం' అన్నది. సరే అన్న. గిప్పుడు రోజు అడుగుతాంది, ఎట్ల మొదలుపెడదాం బాపూ అని. భాష ఎట్ల తయారు చేస్తరన్నా?"

మొదట నవ్వొచ్చింది. రెండోసారి వింటే నవ్వు రాలేదు. ఆయన ఇంటికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. సెలవు ఇంకో ఏడు నెలల తర్వాత. ఎదిగే పిల్ల తనంతట తాను "మనిద్దరికి" అని పిలిచింది కదా, దానికి "నాకు తెల్వదు బిడ్డా" అని చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుంది? కాబట్టి ఈ వారం ఇదే.

ముందు ఆ పిల్లల భాష సంగతి. ఆయన విని పట్టుకున్న నాలుగైదు మాటలు పంపాడు. చూస్తే అది తెలుగే. తెలుగు మాట తీసేసి ఆ చోట కొత్త మాట పెట్టారు, వాక్యం కట్టిన తీరు మారలేదు. మన చిన్నప్పుడు క భాష ఉండేది, గుర్తుందా? "నువ్వు వస్తావా" అనడానికి "కనుకవ్వు కవకస్తాకవా" అనేవాళ్ళం. తెలుగుకే తాళం వేసి మాట్లాడుకోవడం అన్నమాట. తప్పేం లేదు, సరదాగానే ఉంటుంది. కానీ కొత్త భాష కావాలంటే తాళం సరిపోదు. ఏ ధ్వనులు ఉండాలి, ఏవి వద్దు, ఏ సంగతి తప్పకుండా చెప్పాలి, ఏది చెప్పకపోయినా పర్వాలేదు, ఇవన్నీ కూర్చుని తేల్చుకోవాలి.

ధ్వనులతో మొదలుపెడదాం. మనకు తెలిసిన ఉదాహరణ కిలికి. 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయుల భాష. తయారు చేసింది తమిళ పాటల రచయిత మదన్ కార్కి. ఆయన ఆస్ట్రేలియాలో చదువుకునేటప్పుడు పిల్లల కోసం సరదాగా 'క్లిక్' అని ఒక చిన్న భాష మొదలుపెట్టాడు, సినిమా కోసం దాన్నే పెంచాడు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. అందులో నేను, నువ్వు అనే మాటలు ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి: మిన్, నిమ్. ఆలోచన భలే ఉంది. హాల్లో పెద్ద స్పీకర్లలో, తెర మీద మనిషి నోరు కనిపిస్తూ ఉంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా.

అదే మిన్, నిమ్‌లను ఫోన్‌లో అని చూడండి. ఎవరు ఎవరో తెలియదు. ఫోన్‌లో మ, న ఒకదానిలా ఒకటి వినిపిస్తాయి. బ్యాంకుకు ఫోన్ చేసి పేరు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు ఎఫ్, ఎస్ దగ్గర మనం పడే తిప్పలు తెలిసినవే. కారణం ఉంది. మామూలు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనినే మోసేది. స పలికినప్పుడు వచ్చే ఆ సన్నటి ఈల బలమంతా దానికి పైన ఉంటుంది. అది తెగిపోతే స, ఫ ఒక్కలాగే ఉంటాయి. నెట్ కాల్స్ కొంత నయం. కానీ క్యాంపులో ఇరవై మంది ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే ఆ నయం ఎంతసేపుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఆ తమ్ముడికి నేను చెప్పిన మొదటి మాట ఇది: మీ భాష బతకాల్సింది ఫోన్‌లో. ఫోన్‌లో చెదిరిపోని ధ్వనులే ఉంచుకోండి. స, శ, ష, ఫ వద్దు. మ, న రెండిట్లో ఒకటే. క ఉంటే గ వద్దు, ట ఉంటే డ వద్దు. ఖ, ఘ లాంటి ఒత్తుల జోలికే పోవద్దు. అచ్చులు నాలుగు చాలు: ఆ, ఈ, ఊ, ఓ. పొట్టి పొడుగు తేడా వద్దు.

తండ్రీ బిడ్డా కూర్చుని (అంటే ఆయన మంచం మీద, ఆ పిల్ల గడప మీద) ఏడు హల్లులు ఎంచుకున్నారు: క, ట, మ, య, ర, ల, వ. ప్రతి అక్షరం ఒక హల్లు, ఒక అచ్చు. మాట అచ్చుతోనే ముగియాలి. ఇది మనకు అలవాటైన పనే, బస్ వస్తే బస్సు చేస్తాం, రోడ్ వస్తే రోడ్డు చేస్తాం. ఏడు నాలుగులు 28 అక్షరాలు. రెండక్షరాల మాటలు 28 ఇంటూ 28, అంటే 784. కిలికి మాటల లెక్క కంటే ఎక్కువే. "గింత తక్కువల గిన్ని మాటలా" అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ధ్వనుల ఎంపిక ఎవరి కోసం అన్నదాన్ని బట్టి పూర్తిగా తిరగబడుతుంది. స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ క్లింగాన్ భాష చేశాడు, 1985లో దాని నిఘంటువు కూడా వచ్చింది. అది వేరే గ్రహం వాళ్ళ భాష, కాబట్టి మనుషుల భాషలా వినపడకూడదు. ఏం చేశాడంటే, మామూలుగా జతగా ఉండేవాటిని విడగొట్టాడు. నాలుక వెనక్కి మడిచే డ ఉంది, అలా మడిచే ట లేదు. ష ఉంది, స లేదు. క లేదు, గ లేదు, వాటి బదులు గొంతు లోతులోంచి వచ్చే ధ్వని, ఖురాన్ చదివేటప్పుడు వినిపించే ఖాఫ్ లాంటిది, ఉంది. వాక్యం కూడా తలకిందులు: తినేది ముందు, తినడం తర్వాత, తిన్నవాడు చివర. "అన్నం తిన్నాడు రాముడు" అన్నట్టు. మనం కూడా మాటవరసకి అలా అంటాం గానీ, వాళ్ళకు అదే రోజువారీ వరస. లోకంలో చాలా అరుదైన వరస అది.

ఇక వ్యాకరణం. ఈ మాట వినగానే బడి గుర్తొచ్చి భయమేస్తుంది. భయం అక్కర్లేదు. మీరు ఇప్పటికే కొత్త వ్యాకరణంలో మాట్లాడుతున్నారు.

నేను గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో దుకాణంలో ఒకాయన "మాఫీ ఫులూస్" అన్నాడు. రుణమాఫీ విన్న చెవులు నావి. డబ్బు మాఫ్ చేశాడనుకుని సామాను తీసుకుని బయల్దేరాను. వెనక్కి పిలిచాడు! "నా దగ్గర చిల్లర లేదు" అని ఆయన అర్థం. ఫీ అంటే ఉంది, మాఫీ అంటే లేదు.

ఆ ఫీ మీద మనవాళ్ళు ఎంత కట్టడం కట్టారో చూడండి. "ముదీర్ ఫీ?" అంటే మేనేజర్ ఉన్నాడా. "అనా ఫీ ముష్కిలా" అంటే నాకు సమస్య ఉంది. "అనా ఫీ షుగల్" అంటే పనిలో ఉన్నాను. ఒక్క మాట నాలుగు పనులు. అరబ్బులు నేను వెళ్తా అనడానికి అరూహ్, నువ్వైతే త్రూహ్, అతనైతే యిరూహ్ అంటారు. మనకు అందరికీ రూహ్. "అనా రూహ్ సూక్ అమ్స్" అంటే నిన్న వెళ్ళాను, "అనా రూహ్ సూక్ బుక్రా" అంటే రేపు వెళ్తాను. కాలం సంగతి నిన్నా రేపూ చూసుకుంటాయి. ధ్వనుల్లోనూ అంతే. అరబ్బీలో స, త, ద రెండేసి రకాలు, తేలికవీ బరువైనవీ. ఆ తేడా వదిలేశాం. గొంతు బిగించి పలికే అయిన్ వదిలేశాం.

దీన్ని మనవాళ్ళు "వచ్చీరాని అరబ్బీ" అని సిగ్గుపడుతూ చెప్తారు. భాషాశాస్త్రం వాళ్ళు దీనికి గల్ఫ్ పిడ్జిన్ అరబిక్ అని పేరు పెట్టి, నియమాలు రాసుకుని చదువుతున్నారు. మలయాళీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, నేపాలీ, మనమూ, ఎదురుగా అరబ్బూ, అందరూ కలిసి ఎవరి పేరూ లేకుండా చేసింది ఇది. ఇందులో సిగ్గుకు చోటు నాకైతే కనపడలేదు.

లోటు మాత్రం ఉంది, దాచను. అది పని కోసం పుట్టిన భాష. తే, పెట్టు, ఆగు, అయిపోయింది, లేదు, ఎంత. అనా, ఇంతా తప్ప మీరు అనడానికి మాట లేదు. మనం, మేము తేడా లేదు. ఆ రెండో లోటు హిందీలో, ఇంగ్లీషులో కూడా ఉందనుకోండి. "మేం సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు రావడం లేదు, "మనం వెళ్తున్నాం" అంటే నువ్వూ ఉన్నావు. తెలుగులో పసిపిల్లలు కూడా దీన్ని తప్పరు. అవతార్ సినిమాకు పాల్ ఫ్రామర్ చేసిన నావీ భాషలో ఈ తేడా పెట్టారు, పైగా మనిద్దరం, మనం ముగ్గురం అనే రూపాలు కూడా విడిగా ఉన్నాయి. ఆ పిల్ల ఇది వినగానే మేము అనే మాటే వద్దంది. "మనిద్దరి భాషల మేము ఎందుకు బాపూ" అందట. మనిద్దరం అనే మాట ఒక్కటే ఉంచారు: యోలా.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటుకొచ్చాం. తెలుగులో 'అట' ఉంది. వచ్చాడు అంటే చెప్పేవాడికి తెలుసు. వచ్చాడట అంటే ఎవరో చెప్పగా విన్నాడు. ఒక్క చిన్న తోకతో బాధ్యత పక్కకు తప్పుతుంది. టర్కీ భాషలో ఇలాంటి ప్రత్యయం ఉంది. దక్షిణ అమెరికాలో కెచువా మాట్లాడేవాళ్ళు స్వయంగా తెలిసినదానికి ఒక గుర్తు, విన్నదానికి ఒక గుర్తు పెడతారు. మన బతుకు చూడండి, ఇంటి గురించి మనకు తెలిసినదంతా అట. వాన పడిందట. బర్రె ఈనిందట. అమ్మకు మోకాలు తగ్గిందట.

కాబట్టి వాక్యం చివర గుర్తు పెట్టడం తప్పనిసరి చేయమని సలహా ఇచ్చాను. మూడు గుర్తులు. కళ్ళారా చూసినదానికి కా. వీడియోలో చూసినదానికి యా. విన్నదానికి టా, ఇది మన అట నుంచే. కారీ అంటే వాన, లోమా అంటే పడటం. "కారీ లోమా కా" అని బిడ్డ అంటే తడిసి వచ్చిందని అర్థం. "కారీ లోమా టా" అని తండ్రి తన పక్క మంచం ఆయనకు చెప్పొచ్చు, ఆయనకు అర్థం కాకపోయినా.

మూడూ ఆ పిల్లకు నచ్చాయి. మొన్న బుధవారం రాత్రి ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. నాలుగోది కావాలని అడిగిందట. దేనికి బిడ్డా అంటే, "అమ్మ నీకు చెప్పద్దు అన్నయి ఉంటయి కద బాపూ. అవి అడిగితే నేను అబద్ధం చెప్పలేను, ఉన్నది చెప్పలేను. గట్లాంటియి చెప్పేటప్పుడు పెట్టేటందుకు ఒకటి కావాలె" అందట. ఆయన చాలాసేపు ఏమీ అనలేదట. లైన్ కట్ అయిందనుకుని హలో హలో అందట.

ఏ భాషలోనైనా అలాంటి గుర్తు ఉందా అన్నా అని అడిగాడు. నేను చదివినవాటిలో ఎక్కడా తగల్లేదు. వాళ్ళిద్దరే ఒకటి పెట్టుకున్నారు: మూ. పెదవులు మూసి మొదలుపెట్టాల్సిన అక్షరం కదా, అందుకని ఆ పిల్లే ఎంచింది. ఇక్కడ కువైట్‌లో మూ అంటే కాదు అని అర్థం వస్తది బిడ్డా, మూ జేన్ అంటే మంచిది కాదు అని ఆయన చెప్తే, "కాదు అని కాదు, అవును అని కాదు, నడిమిట్ల" అందట. మూ అని వినపడితే తవ్వి అడగొద్దు, కానీ ఏదో ఉందని తెలుసుకోవాలి. అది వాళ్ళు పెట్టుకున్న నియమం.

తర్వాత బిడ్డ అలవాటుగా పని ఎట్లుంది బాపూ అని అడిగింది. రాకో అంటే పని, వీలా అంటే బాగుండటం. రెండేళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన జవాబు ఒకటే. ఆ రోజు కూడా అదే చెప్పాడట, కొత్త భాషలో.

"రాకో వీలా మూ."