కొండ లెక్క, మైదానం లెక్క

శ్రీకాకుళం మైదానంలో తెలుగు, సీతంపేట కొండల్లో సవర తరతరాలుగా ఇరుగుపొరుగుననే ఉన్నా, మొదటిది ద్రావిడ కుటుంబానికి, రెండోది ఖాసీ, ఖ్మేర్ భాషలకు దూరపు చుట్టమైన ముండా శాఖకు చెందినవి కావడంతో, వాటి పునాదులే వేరుగా ఉన్నాయి. తెలుగు పదుల మీద లెక్కిస్తే, సంప్రదాయ సవర లెక్క పన్నెండు, ఇరవైల మీద సాగుతూ, 13ను పన్నెండూ ఒకటిగా, 33ను ఇరవైకి పన్నెండూ ఒకటీ కలిపి చెబుతుంది. దీన్ని మోటు లెక్క అనుకోవడం తొందరపాటే. ఇక మాటల ఇచ్చిపుచ్చుకోళ్ల విషయానికొస్తే, సంతలో బేరసారాల కోసం కొండవారే తెలుగు నేర్చుకోవలసి రావడం వల్ల, సవరలోకి తెలుగు మాటలు చేరినంతగా తెలుగులోకి సవర మాటలు చేరలేదు. ఈ ఏకపక్ష ధోరణికి ఎదురు నడిచినవారు పర్లాకిమిడి ఉపాధ్యాయులు గిడుగు రామమూర్తి: సవర నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే బడులు నడిపి, 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు.