పారేసిన వస్తువు ఎవరి చరిత్ర?

(ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సభలో శిల్పకళ గురించి ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. పారేసిన చెక్కముక్కలు, ఇనుప తుక్కు, పాత పనిముట్లు ఏరి, మేకులతోనో తీగతోనో కూర్చి చేసే శిల్పాన్ని అసెంబ్లేజ్ అంటారు. రాయిని చెక్కితే దాని పాత ఆకారం పోతుంది. ఇందులో వస్తువు తన పాత రూపంతోనే వచ్చి చేరుతుంది. దానితో ఎవరు పనిచేశారన్న ప్రశ్న కూడా వెంట వస్తుంది. అందుకే శ్రమ గురించి మాట్లాడే మనకు ఈ కళ అవసరం.

లూయీజ్ నెవెల్సన్ (1899–1988) న్యూయార్క్ వీధుల్లో పడేసిన కుర్చీ కాళ్ళు, మెట్ల కమ్మీలు ఏరుకొచ్చి, పెట్టెల్లో అమర్చి, గోడంత ఎత్తు పేర్చి, మొత్తానికి నల్లరంగు వేసేది. 1958 నాటి 'స్కై కెథెడ్రల్' అటువంటిదే. అంతకు చాలా ముందు, 1941లో, ఆమె ప్రదర్శన చూసిన ఒక విమర్శకుడు, శిల్పి స్త్రీ అని సమయానికి తెలియడంతో తన ఉత్సాహాన్ని అదుపు చేసుకున్నానని అచ్చులోనే రాశాడు. శిల్పం అదే. చేసింది స్త్రీ అనగానే విలువ తగ్గింది. పొలంలో ఆడకూలికీ మగకూలికీ తేడా పెట్టేది ఈ లెక్కే కదా!

లాస్ ఏంజెలెస్ నల్లజాతి కళాకారిణి బెటీ సార్ మరో దారి పట్టింది. పాన్‌కేక్ పిండి పెట్టెల మీద 'ఆంట్ జెమైమా' అనే నల్లజాతి వంటమనిషి బొమ్మ నవ్వుతూ ఉండేది. బానిసత్వాన్ని ముచ్చటగా చూపించిన బొమ్మ అది. 1972లో సార్ అటువంటి పాత బొమ్మనొకదాన్ని తీసుకుని, ఒక చేతిలో చీపురు ఉండగానే రెండో చేతికి తుపాకి ఇచ్చింది. వెనక ఆ పెట్టెల మీది బొమ్మలనే వరసగా అతికించింది. ఆమె చీపురు తీసెయ్యకపోవడాన్ని గమనించండి. చాకిరీని దాచకుండానే తిరుగుబాటును చూపించింది. తర్వాత బట్టలుతికే పాత గరుకు పలకలతో కూడా శిల్పాలు చేసింది. ఆ వ్యాపార సంస్థ ఆ పేరునూ బొమ్మనూ వదిలేస్తామని ప్రకటించడానికి 2020 దాకా పట్టింది.

నెవెల్సన్ నల్లరంగు కింద వస్తువుల వెనకటి వాడకం మరుగున పడుతుంది. సార్ దాన్ని కళ్ళ ముందు నిలబెడుతుంది. నా దృష్టిలో మన ఉద్యమానికి దగ్గరైనది రెండోది.

మన దగ్గరా, తెనాలిలో ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాళ్ళ నైపుణ్యాన్ని గౌరవిద్దాం. అయితే మన ఊళ్ళలో వీధి వీధీ తిరిగి తుక్కు ఏరే స్త్రీలకు ఇత్తడేదో, ఇనుమేదో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ఆ పరిజ్ఞానానికి కిలో లెక్కన తప్ప వేరే గుర్తింపు లేదు. తుక్కు శిల్పంగా మారినప్పుడు ఏరిన మనిషి ఎక్కడికి పోతోంది?

మీ సంఘాలకు ఒక సూచన. ఈసారి సభకు పోస్టర్లతో పాటు, అరిగిన కొడవలి, బీడీ ఆకు కత్తెర, పాడైన కుట్టుమిషను భాగాలు తెమ్మని సభ్యులను అడగండి. ఎలా కూర్చాలో వాళ్ళే నిర్ణయించాలి. ఒక్కో వస్తువు పక్కన దాన్ని వాడిన స్త్రీ పేరు, ఎన్నేళ్ళు పనిచేసిందో, ఎంత కూలి ఇచ్చారో, ఆమె ఒప్పుకుంటేనే, ఆమె మాటల్లోనే రాయండి. చూడడానికి కార్మికశాఖ అధికారులను కూడా పిలవండి.